లెక్కల ఉత్తరాలు: సంఖ్యా సిద్ధాంతంలో పీహెచ్‌డీ

గత సంచికలో ప్రధాన సంఖ్యల గురించి రాస్తూ, ముప్ఫై ఏళ్ళకు పైగా నేను సంఖ్యా సిద్ధాంతంలోనే పనిచేశానని ఒక్క మాట అన్నాను. ఈ నెల ఉత్తరాల్లో చాలా భాగం ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చినవే. సీటు ఎలా వస్తుంది, ఏం చదవాలి, చదివాక ఏమవుతుంది అని. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

మేడమ్ గారూ, నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనలియర్. ఇప్పటిదాకా 58 శాతం వచ్చింది. నంబర్ థియరీలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఎంత శాతం ఉండాలి? ఏ పరీక్ష రాయాలి? పదకొండు మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఒక్కరూ జవాబివ్వలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. మార్కులు తక్కువని పట్టించుకోవట్లేదా?
— ఒక విద్యార్థిని, బాపట్ల

అమ్మాయ్, ముందు ఆ మార్కుల భయం తీసి పక్కన పెట్టు. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం ఉంటే చాలు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు ఇంకో 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ళ డిగ్రీ చేసినవాళ్ళు 75 శాతం ఉంటే పీజీ లేకుండానే అప్లై చేయొచ్చు. నీకు 58 ఉంది కాబట్టి గేటు దాటావు. లోపల అడిగేది వేరే.

పరీక్షల విషయానికొస్తే, మొదటిది సీఎస్‌ఐఆర్ నెట్, అంటే సైన్సు, లెక్కల వాళ్ళకు పెట్టే జాతీయ అర్హత పరీక్ష. ఏటా రెండుసార్లు ఉంటుంది. 2024 జూన్ విడత నుంచి నెట్ ఫలితాన్ని మూడు రకాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. జేఆర్‌ఎఫ్ వస్తే ఫెలోషిప్‌తో పాటు ఇంటర్వ్యూ మీదే సీటు. మిగతా రెండు రకాల వాళ్ళకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాది వరకే చెల్లుతాయి, ఇది మర్చిపోకు. రెండోది, అణుశక్తి శాఖ కింద ఉన్న జాతీయ ఉన్నత గణిత మండలి, అందరూ ఎన్‌బీహెచ్‌ఎం అంటారే, వాళ్ళ స్కాలర్‌షిప్ పరీక్ష. ముందు రాతపరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. మూడోది ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళది, మామూలుగా డిసెంబరులో జరుగుతుంది. ఇవి కాక గేట్ మ్యాథ్స్ పేపరు ఉండనే ఉంది. ఏ సంస్థ ఏ స్కోరు తీసుకుంటుందో ఆ ఏడాది నోటిఫికేషన్ తెరిచి నీ కళ్ళతో చూసుకో. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటోలు నమ్మి గడువు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

నెట్ పేపర్లో సి భాగం ఒకటుంది. 60 ప్రశ్నల్లో 20 రాయాలి, ఒక్కోదానికి 4.75 మార్కులు. నాలుగు ఆప్షన్లలో ఒకటి కరెక్టు కావచ్చు, మూడూ కావచ్చు. అన్నీ సరిగ్గా పెడితేనే మార్కులు. కోచింగ్‌లో నేర్పే ఎలిమినేషన్ కిటుకులు అక్కడ పనిచేయవు. ప్రతి వాక్యాన్నీ నిరూపించాలి, లేదా ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణ చూపించాలి. ఇంటర్వ్యూలో జరిగేదీ ఇదే.

ఒకసారి నేను ఇంటర్వ్యూ బోర్డులో ఉన్నాను. ఆ రోజు అందర్నీ ఒకే ప్రశ్న అడిగాం. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయని చూపించండి అని. 3, 7, 11 అలాంటివి. ఈ మూడే ఉన్నాయనుకుందాం. మూడింటినీ గుణిస్తే 231, దాన్ని 4తో గుణించి 1 తీసేస్తే 923. దీన్ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. 1 మిగిలే సంఖ్యలను ఎన్నింటిని గుణించినా 1 మిగిలేదే వస్తుంది కాబట్టి, 923లో 3 మిగిలే ప్రధాన కారణాంకం ఒకటైనా ఉండి తీరాలి. అది 3, 7, 11లలో ఏదీ కాదు, ఎందుకంటే వాటితో 924 భాగపడుతుంది, 923 పడదు. చూస్తే 923 అంటే 13×71. ఆ కొత్తది 71. ఇలా ఎన్ని రాసుకున్నా ఇంకోటి పుడుతూనే ఉంటుంది.

ఇంతవరకు చాలామంది చెప్పారు. తర్వాత, 1 మిగిలేవి కూడా అనంతమేనా అని అడిగాం. మంచి ర్యాంకున్న అబ్బాయి ఒకడు గబగబా అదే నిరూపణ గుర్తులు మార్చి రాసేశాడు. వాడి తర్వాత వచ్చిన అమ్మాయి ఒక వాక్యం రాసి ఆగింది. బోర్డు మీద ఓ మూల 4×5+1=21 అని వేసింది. పక్కన 3×7 అని రాసింది. చాక్‌పీస్ పట్టుకుని రెండు నిమిషాలు అలాగే నిలబడింది. తర్వాత మా వైపు తిరిగి, "ఈ పద్ధతి ఇక్కడ పనిచేయదండీ. 3 మిగిలేవి రెండు గుణిస్తే 1 మిగిలేది వచ్చేస్తోంది" అంది. సరైన దారి ఆ అమ్మాయికి అప్పుడు తట్టలేదు. వర్గం చేసి 1 కలపాలి: 5ను 2తో గుణించి 10, దాని వర్గం 100, 1 కలిపితే 101. ఒక సరి సంఖ్య వర్గానికి 1 కలిపితే, వచ్చినదాని ప్రధాన కారణాంకాలన్నీ 1 మిగిలేవే అవుతాయి. మేం చిన్న సూచన ఇచ్చాక అక్కడిదాకా వచ్చింది. సీటు ఆ అమ్మాయికి ఇచ్చాం. తన నిరూపణ ఎక్కడ విరిగిందో తనే చూడగలిగింది, మాకు కావలసింది అదే. ఆమె ఎమ్మెస్సీ మార్కులు 61 శాతం అని ఫైలు మూసేటప్పుడు గమనించాను.

ఇక నీ మెయిల్స్ సంగతి. నువ్వు పంపిన నకలు చదివాను. పదకొండు మందికీ ఒకే ఉత్తరం, పేర్లు మార్చి పంపావు. వాళ్ళలో ఇద్దరు నంబర్ థియరీ వాళ్ళే కారు. నీ మార్కులు చూసి పక్కన పెట్టారనుకోకు, ఇలాంటివి రోజూ వస్తుంటే ఎవరూ చదవలేరు. ఒక్కరిని ఎంచుకో. వాళ్ళ వ్యాసాలు ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి దించుకుని మొదటి మూడు పేజీలు పెన్ను పట్టుకుని చదువు. అర్థం కాని పదాలు చాలా ఉంటాయి, ఫర్వాలేదు. ఒక లెమ్మా, అంటే పెద్ద నిరూపణలో మెట్టుగా వాడే చిన్న ఫలితం, నీ చేత్తో రాసి చూడు. తర్వాత ఓ ఎనిమిది వాక్యాల మెయిల్ రాయి: ఎవరు నువ్వు, ఏం చదివావు, ఆ లెమ్మాలో ఎక్కడ ఆగిపోయావు. "యువర్ ఎస్టీమ్డ్ గైడెన్స్" లాంటి మాటలు వద్దు తల్లీ. ఎక్కడ ఆగిపోయానో చెప్పిన పిల్లలకు నేను జవాబు రాయకుండా ఉన్న రోజు లేదు.

చదవాల్సినవి: కాంప్లెక్స్ ఎనాలిసిస్ గట్టిగా వస్తే ఎనలిటిక్ నంబర్ థియరీ వైపు, గాల్వా సిద్ధాంతం, రింగులు ఇష్టమైతే ఆల్జీబ్రాయిక్ వైపు. రెండిట్లో ఏదో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. కానీ రెండూ బలహీనంగా ఉంటే మాత్రం సంఖ్యల మీద ప్రేమ ఒక్కటే సరిపోదు.

ఇంకోటి, నువ్వు బాపట్ల అని చూడగానే నాకు యాజలి గుర్తొచ్చింది. మీ దగ్గరి ఊరే. మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు 1921లో అక్కడే పుట్టారు. తర్వాత కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 4ను కూడికలుగా 5 రకాలుగా విడగొట్టొచ్చు: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. 5ను 7 రకాలుగా. ఈ లెక్క ఎప్పుడు సరి సంఖ్య అవుతుంది, ఎప్పుడు బేసి అవుతుంది? ఏ అంకశ్రేఢి (2, 5, 8, 11లా సమాన దూరంలో పెరిగే సంఖ్యల వరుస) తీసుకున్నా, అందులోని సంఖ్యలకు ఈ లెక్క సరి, బేసి రెండూ అనంతంగా వస్తాయని ఆయన 1966లో ఊహించారు. పూర్తి నిరూపణ 2012లో సిల్వియు రాడు ప్రచురించాడు. 46 ఏళ్ళు పట్టింది. సుబ్బారావు గారు 2006లోనే పోయారు. ఆ ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లకు చెప్పినా అర్థమవుతుంది. ఓసారి బస్సెక్కి ఆ ఊరు చూసిరా.

నమస్తే మేడమ్. నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. మ్యాథ్స్ అంటే ప్రాణం. ఎమ్మెస్సీ లేకుండా మ్యాథ్స్ పీహెచ్‌డీకి వెళ్ళొచ్చా? అమెరికాలో అయితే ఎలా?
— ఒక విద్యార్థి, వరంగల్

వెళ్ళొచ్చు నాయనా. టాటా ఇన్‌స్టిట్యూట్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల బీటెక్ వాళ్ళను కూడా తీసుకుంటారు. అమెరికాలో నాలుగేళ్ళ డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీయే. అప్లికేషన్లు ఎక్కువగా డిసెంబరు, జనవరి ప్రాంతంలో ముగుస్తాయి. మూడు సిఫార్సు లేఖలు కావాలి. సీటిస్తే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, కింది తరగతులకు పాఠాలు చెప్పించుకుని జీతం ఇస్తారు. చేరిన మొదటి రెండేళ్ళలో క్వాలిఫైయింగ్ పరీక్షలు దాటాలి.

నీకు అడ్డం వచ్చేది డిగ్రీ పేరు కాదు. ఇంజినీరింగ్ మ్యాథ్స్‌లో ఇంటిగ్రేషన్లు చేశావు, నిరూపణలు రాయలేదు. నీ గణితం ఎంత గట్టిదో చెప్పగల మాస్టారు ఒక్కరూ లేకపోతే ఆ లేఖలు ఎవరిస్తారు? అందుకని ఈ వేసవికే ఎంటీటీఎస్‌కు అప్లై చెయ్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ పాఠాలు చెప్పిన కుమరేశన్ గారు 1993లో మొదలుపెట్టిన వేసవి శిక్షణ అది. నాలుగు వారాలు. పాఠం చెప్పి వెళ్ళిపోరు, ప్రశ్న అడిగి నీ చేతే చెప్పిస్తారు. మొదటి వారం ఏడుపొస్తుంది. అక్కణ్ణుంచి వచ్చిన పిల్లలు ఎంత మారిపోతారో నేను ఏళ్ళ తరబడి చూశాను.

అమ్మా, మా అమ్మాయి సంఖ్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. పేర్లలో అక్షరాలు మార్చి చెప్పే విద్యకు పీహెచ్‌డీ ఏమిటని మా వారు కోప్పడుతున్నారు. ఐదారేళ్ళు చదివాక ఉద్యోగం వస్తుందా? ఈలోగా పెళ్ళి చేస్తే చదువు ఆగిపోతుందా? ఏమీ తేలకపోతే అన్నేళ్ళూ వృథాయే కదా?
— ఒక తల్లి, తాడేపల్లిగూడెం

అమ్మా, తెలుగులో వచ్చిన చిక్కే ఇది. పేర్లు మార్చేదాన్ని జనం సంఖ్యాశాస్త్రం అంటారు. మీ అమ్మాయి చదవాలనుకునేది సంఖ్యా సిద్ధాంతం. రెండిటికీ ఏ సంబంధమూ లేదు. మీ వారికి ఈ పేజీ చూపించండి. మీరు ఫోన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొడితే దారిలో ఎవరూ చదవలేరు కదా, ఆ తాళాలు ఈ లెక్కలతో తయారైనవే. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు, గుణించిందాన్ని విడగొట్టడం మహా కష్టం. ఎంత కష్టమో అంచనా కట్టడానికి, పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయో తెలియాలి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వి. రామస్వామి గారు 1949లోనే దాని మీద వ్యాసం రాశారు. అప్పటికి అలాంటి తాళాల ఊసే లేదు.

ఇక డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ళయ్యాక 42,000, దానిపైన ఇంటి అద్దె భత్యం. ఆ చదువుకు మీరు పొలం అమ్మక్కర్లేదు. తర్వాత యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మూల వేతనం 57,700తో మొదలవుతుంది. అయితే ఉన్న మాట చెప్పాలి: రెగ్యులర్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. పీహెచ్‌డీ అయ్యాక రెండు మూడేళ్ళు పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలంటూ ఊళ్ళు తిరగాల్సి రావచ్చు. అది తెలిసే దిగాలి.

పెళ్ళి వల్ల చదువు ఆగనక్కర్లేదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ళు అదనంగా ఇస్తారు. ప్రసూతికి, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు ఉంది. నేను మా పెద్దవాడు కడుపులో ఉండగానే మూడో అధ్యాయం రాశాను. మా అత్తగారు వంటింటి బల్ల ఖాళీ చేసి ఇచ్చేవారు. ఇంట్లో ఒక్కరు అలా నిలబడితే చాలు. ఆ ఒక్కరు మీరు కావచ్చు.

ఏమీ తేలకపోతే అన్నారు. ఆ భయం నాకు బాగా తెలుసు. పద్నాలుగు నెలలు కష్టపడి ఒక ఫలితం సాధించాను. ఇంటర్నెట్ లేని రోజులు. లైబ్రరీలో వ్యాసాల సారాంశాలు వేసే లావుపాటి సంపుటాలు ఉండేవి. ఒక మధ్యాహ్నం వేరే దేనికోసమో తిరగేస్తుంటే నా సిద్ధాంతం కనిపించింది. తొమ్మిదేళ్ళ క్రితమే ఎవరో అచ్చేయించారు. ఆ పేజీలో వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, లైట్లు ఆర్పడానికి అటెండరు వచ్చేదాకా. మర్నాడు మా గైడు గారు ఒక్కటే చెప్పారు, రెండు నిరూపణలూ పక్కపక్కన పెట్టి లైను లైనూ చూడమని. చూశాను. వాళ్ళు మొదట్లోనే పెట్టుకున్న ఒక షరతు నా నిరూపణలో ఎక్కడా వాడలేదు. అంటే నాది వాళ్ళ దానికంటే ఎక్కువ సంఖ్యలకు వర్తిస్తుంది. నా మొదటి అచ్చు వ్యాసం అదే. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పను. కానీ ఆ పద్నాలుగు నెలలూ వృథా అని నేను ఏనాడూ అనుకోలేదు.

గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. వయసు 41. ఇప్పుడు పీహెచ్‌డీకి వయసు దాటిపోయిందా? అసలు సంఖ్యా సిద్ధాంతంలో ఇంకా కనిపెట్టాల్సినవి ఏమున్నాయి? మా పిల్లలకు చెప్పగలిగే సమస్య ఒకటి చెప్పండి.
— ఒక అధ్యాపకుడు, నరసన్నపేట

లెక్చరర్ గారూ, జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది గానీ పీహెచ్‌డీకి లేదు. యాజమాన్యం నిరభ్యంతర పత్రం ఇస్తే ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్‌గా చేరొచ్చు. మీరు క్లాసులో పాఠం చెబుతూ ఇరవై ఏళ్ళుగా మొదటి మెట్టు దగ్గరే ఉండిపోయి ఉంటే, ముందు అధ్యాపకుల కోసం జాతీయ గణిత కేంద్రం నడిపే ఏటీఎం (అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్ మ్యాథమెటిక్స్) స్కూలు ఒకటి చేసి రండి. ఆల్జీబ్రా, ఎనాలిసిస్ మళ్ళీ చేతికొస్తాయి.

సమస్య అడిగారు. మీ జిల్లాకు దగ్గరదే చెబుతాను. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన డి. సూర్యనారాయణ గారు 1969లో ఒక చిన్న వ్యాసం రాశారు. ఒక సంఖ్య తీసుకోండి. దాని కారణాంకాలన్నీ, ఆ సంఖ్యతో సహా, కూడండి. వచ్చినదాని కారణాంకాలు మళ్ళీ కూడండి. అది మొదటి సంఖ్యకు సరిగ్గా రెట్టింపు అయితే దాన్ని సూపర్ పర్‌ఫెక్ట్ అన్నారాయన. 16 చూడండి: 1, 2, 4, 8, 16 కూడితే 31. 31 కారణాంకాలు 1, 31. మొత్తం 32. రెట్టింపు వచ్చింది. 64కు చేస్తే 127, తర్వాత 128. అదీ సరే. 1024 కూడా రావాలనిపిస్తుంది. మొదటి మొత్తం 2047. ఇక్కడ పిల్లలు తొందరపడి ప్రధాన సంఖ్య అనేస్తారు. అది 23×89. దాని కారణాంకాల మొత్తం 1+23+89+2047, అంటే 2160. కావలసింది 2048. తప్పింది. సరి సంఖ్యల్లో ఇవి ఏ రూపంలో ఉంటాయో సూర్యనారాయణ గారే తేల్చేశారు.

బేసి సంఖ్యల్లో ఒక్కటైనా ఉందా? ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఉంటే అది వర్గ సంఖ్య అయి తీరాలని మాత్రం నిరూపించారు. కాబట్టి బేసి వర్గాలు చూస్తే చాలు. 9కి చేస్తే 13, తర్వాత 14. కావలసింది 18. 25కు 31, 32. కావలసింది 50. ఇక 225 దగ్గరికి రండి. కారణాంకాలు 1, 3, 5, 9, 15, 25, 45, 75, 225. మొత్తం 403. అది 13×31. మళ్ళీ కూడితే 1+13+31+403, మొత్తం 448. కావలసింది 450. రెండే తక్కువ! మొదటిసారి ఇది చేసిన రాత్రి ఎక్కడో కూడిక తప్పానని మూడుసార్లు తిరిగి చేశాను.

ఇంకొకటి. 33 వర్గం 1089. దాని తొమ్మిది కారణాంకాలూ కూడండి. 1729 వస్తుంది, రామానుజన్ గారి టాక్సీ నంబరు. బోర్డు మీద చేసి చూపిస్తే మీ పిల్లలు వదలరు. 1729 అంటే 7×13×19, దాని కారణాంకాల మొత్తం 2240. కావలసింది 2178. ఈసారి 62 ఎక్కువైంది. 225 దగ్గర తగ్గింది, 1089 దగ్గర పెరిగింది. మధ్యలో 21 వర్గం 441 ఉంది, 1089 దాటాక 35 వర్గం 1225 ఉంది. ఆ రెండూ మీ క్లాసులో చేయించి, ఏమొచ్చిందో, ఎందుకు అలా వచ్చిందని పిల్లలు అనుకుంటున్నారో నాకు రాయండి. వాళ్ళ చేతిరాతతోనే పంపండి.